‘స్నాబ్’ అంటే మొదట చెప్పులు కుట్టేవాడా? ఈ మాట కథ తెలిసినవాళ్లు చెప్పండి

ఇంటర్ ఇంగ్లిష్ | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతాను. మొన్న క్లాసులో ‘స్నాబ్’ అనే మాట వచ్చింది. అర్థం అడిగితే పిల్లలు సరిగ్గానే చెప్పారు: తన చదువో, డబ్బో, అభిరుచో చూసుకుని ఎదుటివాళ్లను చులకన చేసేవాడు అని. ఒకమ్మాయి లేచి ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో పెద్దింటి బిడ్డలు కాని విద్యార్థుల పేర్ల పక్కన లాటిన్‌లో ‘సినె నోబిలిటాటె’, అంటే ‘కులీనత లేనివాడు’ అని రాసేవారట. దాన్ని కుదిస్తే ‘ఎస్. నోబ్’ అయిందట, అదే స్నాబ్ అట. వాట్సాప్‌లో చదివిందట.

కథ మరీ అతికినట్టు కుదిరిపోయింది. అందుకే నాకు అనుమానం వచ్చింది. ఇది నిజమేనా? కాకపోతే అసలు కథేంటి? సోమవారం ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పాలి.

పాతనిఘంటువు | ఉదయం 8:25

నిజం కాదండీ. ఈ లాటిన్ కథ చాలాకాలంగా తిరుగుతోంది. చెప్పేవాళ్లను బట్టి చోటు మారుతుంది. కొందరు కేంబ్రిడ్జి రిజిస్టరు అంటారు, కొందరు ఈటన్ స్కూలు అంటారు, ఇంకొందరు ఓడ ప్రయాణికుల జాబితా అంటారు. అలా రాసి ఉన్న కాగితాన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

అంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. లాటిన్ కథే నిజమైతే ఈ మాటకు అన్నిటికంటే పాత అర్థం ‘బిరుదు లేని విద్యార్థి’ అయి ఉండాలి. రికార్డుల్లో దొరికే పాత అర్థం అది కాదు. 1781లో ఈ మాట చెప్పులు కుట్టేవాడు, లేదా అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు అనే అర్థంలో కనిపిస్తుంది. స్కాట్లండ్ వైపు ‘స్న్యాబ్’ అన్నా చెప్పులు కుట్టేవాడే. ఆ వెనక ఏముందో నిఘంటుకారులెవరూ తేల్చలేదు.

ఆ తర్వాత వరస ఇది. 1790ల్లో కేంబ్రిడ్జి విద్యార్థుల యాసలో స్నాబ్ అంటే ‘యూనివర్సిటీకి చెందని ఊరివాడు’. 1831 నాటికి ‘మామూలు జనం, కింది తరగతివాళ్లు’. 1840ల్లో ‘పైవాళ్లను చూసి వాతలు పెట్టుకునేవాడు’. 1911 నాటికి మీ పిల్లలు చెప్పిన అర్థం, అంటే తనకంటే తక్కువ అనుకున్నవాళ్లను ఈసడించేవాడు.

ఒక్క నూటముప్పై ఏళ్లలో, తిట్టు తిన్నవాడి పేరు తిట్టేవాడికి పేరైపోయింది. ఇంతగా తలకిందులైన మాటలు అరుదు.

సెలవురోజు చదువరి | ఉదయం 9:02

చెప్పులు కుట్టేవాడు ‘ఊరివాడు’గా ఎలా మారాడు? అక్కడ నాకు లింకు దొరకలేదు.

డోవర్ తీరం | ఉదయం 11:15

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. కేంబ్రిడ్జి వెళ్లినవాళ్లకి ఆ లింకు తేలిగ్గా అర్థమవుతుంది. అదంతా కాలేజీల చుట్టూ అల్లుకున్న ఊరు. గౌను వేసుకున్నవాళ్లు, అంటే యూనివర్సిటీవాళ్లు, ఒకవైపు, ఆ గౌనులు కుట్టేవాళ్లు, బూట్లు బాగుచేసేవాళ్లు, రొట్టెలు అమ్మేవాళ్లు ఇంకోవైపు. ‘టౌను, గౌను’ అని ఇప్పటికీ అంటారు. ఆ రెండు వర్గాల మధ్య వీధుల్లో కొట్లాటలు కూడా జరిగేవి. విద్యార్థికి రోజూ ఎదురయ్యే చేతిపనివాడు చెప్పులు కుట్టేవాడు కాబట్టి ఆ పేరే ఊరందరికీ అంటగట్టారు.

విద్యార్థుల్లో మాత్రం సమానత్వం ఉండేదా అంటే అదీ లేదు. ప్రభువుల కొడుకుల టోపీకి బంగారు జరీ కుచ్చు ఉండేది. ఆ కుచ్చును ‘టఫ్ట్’ అనేవారు. పెద్దింటి కుర్రాళ్ల వెనక తిరుగుతూ పరిచయం సంపాదించుకునేవాడిని ‘టఫ్ట్ హంటర్’, అంటే కుచ్చుల వేటగాడు, అని ఎగతాళి చేసేవారు. సంపన్నుణ్ణి ఉద్దేశించి ఇక్కడ ఇప్పటికీ వాడే ‘టాఫ్’ అనే మాట కూడా ఆ టఫ్ట్ నుంచే వచ్చి ఉంటుందని అంటారు. అందరికంటే కింద ‘సైజర్లు’ ఉండేవారు. ఫీజు తగ్గింపు కోసం తోటివాళ్లకు, అధ్యాపకులకు సేవలు చేసే పేద విద్యార్థులన్నమాట. న్యూటన్ 1661లో ట్రినిటీ కాలేజీలో చేరింది అలాగే.

ఇన్ని మెట్లున్న చోట, మెట్ల బయట నిలబడ్డవాళ్లకు పెట్టిన పేరు స్నాబ్. కాబట్టి లాటిన్ కథ తప్పే అయినా, అది పుట్టడానికి తగిన నేల అక్కడ ఉంది. అందుకే జనం నమ్ముతారు.

ఇంకో విషయం. 1831 జూలైలో లింకన్ పట్టణపు పత్రికలో ఒక వాక్యం వచ్చింది. ఈ చర్చల్లో దాన్ని తరచూ ఎత్తిచూపుతారు. ‘నాబ్‌లు తమ మురికి సీట్లు పోగొట్టుకున్నారు, నిజాయితీగల స్నాబ్‌లు వాటిని దక్కించుకున్నారు’ అని. నాబ్ అంటే పెద్దమనిషి, డబ్బున్నవాడు. ఓటు హక్కు విస్తరించాలని ఇంగ్లండ్ అంతా అట్టుడుకుతున్న రోజులవి. మరుసటి ఏడే, 1832లో, ఆ సంస్కరణ చట్టం వచ్చింది. గమనించండి, ఇక్కడ స్నాబ్‌ను ‘నిజాయితీగల’ అంటున్నారు. పైవాళ్లు విసిరిన మాటను కిందివాళ్లు ఒక్కసారి గర్వంగా చేతిలోకి తీసుకున్నారు. నాకైతే ఈ మాట చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. పాపం, అది ఎక్కువకాలం నిలవలేదు.

గోదారి గట్టు | మధ్యాహ్నం 12:30

నిలవకపోవడానికి కారణం ఇంగ్లిష్ నవలాకారుడు థాకరేనే కదా?

సెలవురోజు చదువరి | మధ్యాహ్నం 2:10

థాకరే గురించి నేను రాస్తాను. ఆయన రచనలు నాకు ఇష్టం.

విలియం మేక్‌పీస్ థాకరే 1811లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తండ్రి పోయాక చిన్నపిల్లాడిగా ఉండగానే ఇంగ్లండ్ పంపేశారు. 1829లో కేంబ్రిడ్జి ట్రినిటీలో చేరాడు. ఆ ఏడాది అక్కడ విద్యార్థులు నడిపిన ఒక చిన్న పత్రిక పేరే ‘ది స్నాబ్’. యూనివర్సిటీ సభ్యులు నడపని పత్రిక అని దానిమీద వేసుకునేవారు. అంటే ఊరివాళ్ల వేషం వేసుకున్నారన్నమాట. థాకరే అందులో రాశాడు. డిగ్రీ పూర్తి చేయకుండానే కాలేజీ వదిలేశాడు. వారసత్వంగా వచ్చిన డబ్బు కొంత జూదంలో, ఎక్కువభాగం భారతదేశంలోని వ్యాపార సంస్థలు దివాలా తీయడంతో పోయింది. ఆ తర్వాత కలమే కూడుపెట్టింది. మెట్టు దిగితే ఎవరు ఎలా చూస్తారో ఆయన అనుభవించి తెలుసుకున్నాడు.

1846 ఫిబ్రవరి నుంచి ఏడాదిపాటు ‘పంచ్’ వారపత్రికలో ‘ఇంగ్లండ్ స్నాబ్‌లు, వాళ్లలో ఒకడు రాసినది’ అనే పేరుతో వారం వారం రాశాడు. 1848లో అది పుస్తకంగా వచ్చింది. రాజుల్లో స్నాబ్‌లు, సైన్యంలో, చర్చిలో, యూనివర్సిటీల్లో, క్లబ్బుల్లో స్నాబ్‌లు, ఇలా ఎవర్నీ వదల్లేదు. ఆయన ఇచ్చిన నిర్వచనం ఒకే వాక్యం: అల్పమైనవాటిని అల్పబుద్ధితో ఆరాధించేవాడు స్నాబ్.

అందులో విందులిచ్చే స్నాబ్‌ల గురించిన భాగం చూడండి. ఆదాయం అంతంతమాత్రం. అయినా పెద్దవాళ్లను భోజనానికి పిలవాలి. అందుకని మిఠాయి దుకాణం నుంచి చవకరకం వంటకాలు తెప్పిస్తారు. వీధిలో కూరగాయలమ్మేవాణ్ణో, తివాచీలు దులిపేవాణ్ణో ఆ ఒక్కరాత్రికి కూలికి మాట్లాడుకుని, ఇంటి నౌకర్లలా నిలబెడతారు. రోజూ వడ్డించే పనమ్మాయి మాలీని మాత్రం ఆ పూట కనపడకుండా పంపేస్తారు. మన ‘మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె’ అచ్చంగా ఇదే.

అక్కడితో మాట మారిపోయింది. అప్పటిదాకా స్నాబ్ అంటే ఒక తరగతి మనిషి. థాకరే తర్వాత స్నాబ్ అంటే ఒక రకం బుద్ధి. ఆ బుద్ధి రాజుకైనా ఉండొచ్చు.

మంజీర | మధ్యాహ్నం 3:45

మంచిగ చెప్పిన్రు. కానీ నాకు ఒక ముడి విడలేదు. థాకరే చెప్పిన స్నాబ్ పైకి చూసేవాడు. పెద్దోళ్లను చూసి అట్ల ఉండాలని ఆరాటపడేవాడు. ఇప్పటి స్నాబ్ కిందికి చూసేవాడు. ఈ మెడ ఎప్పుడు తిరిగింది, ఎట్ల తిరిగింది?

పాతనిఘంటువు | సాయంత్రం 4:30

మంజీర గారూ, జవాబు సెలవురోజు చదువరి గారు రాసిన విందులోనే ఉంది. ఆ ఇంటాయన అతిథులవైపు చూసి ఆరాటపడ్డాడు. ఆ ఆరాటంలోనే మాలీని దాచేశాడు. రోజూ అన్నం పెట్టిన చెయ్యి ఆ పూట ఆయనకు సిగ్గు తెచ్చిపెట్టింది. పైకి చూపు, కింద చూపు ఒకే మనిషిలో ఒకేసారి ఉన్నాయి. థాకరే మొదటిదానికి పేరు పెట్టాడు, రెండోదాన్ని కళ్లకు కట్టాడు. తర్వాతి తరాలవాళ్లు ఆ పేరును రెండోదానికి తగిలించారు.

దానికి సమాజంలో కారణం కూడా ఉందని నా నమ్మకం. పందొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ కర్మాగారాలు, రైల్వేలు, వ్యాపారాలతో డబ్బు సంపాదించినవాళ్లు అక్కడ బాగా పెరిగారు. పిల్లల్ని పెద్ద స్కూళ్లలో చేర్చారు, ఎస్టేట్లు కొన్నారు, ఉచ్చారణ మార్చుకున్నారు. 1840ల్లో అనుకరించినవాళ్ల మనవలు 1900 నాటికి నిజంగానే ‘పెద్దవాళ్లు’ అయిపోయారు. ఇక వాళ్లు ఎవర్ని చూసి అనుకరించాలి? చేతిలోకి వచ్చిన అంతస్తును కాపాడుకోవడమే మిగిలింది. తమ వెనక మెట్లెక్కి వస్తున్నవాళ్లను తోసేయడమే ఆ కాపాడుకోవడం. మనుషులతోపాటే మాట కూడా నడిచింది.

గోదారి గట్టు | సాయంత్రం 5:05

ఇది ఒప్పుకుంటాను. కానీ ఒక్క చిన్న సవరణ. పాత అర్థం పోయి కొత్తది వచ్చింది అనడం కంటే, రెండూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి అనాలి. బ్రిటిష్ నావికాదళంలో బూట్లు బాగుచేసేవాణ్ణి ‘స్నాబ్’ అనే వాడుక ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా వచ్చింది. అక్కడ అది తిట్టు కాదు, పని పేరు.

డోవర్ తీరం | సాయంత్రం 6:20

చెప్పులు కుట్టేవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ఒక మనిషి గురించి రాస్తాను. విలియం కేరీ.

1761లో నార్తాంప్టన్‌షైర్‌లో ఒక పల్లెలో పుట్టాడు. పద్నాలుగేళ్ల ప్రాయంలో చెప్పులు కుట్టే పని నేర్చుకోవడానికి కుదిరాడు. ‘స్నాబ్’ అనే మాట మొదట రికార్డయిన 1781లో ఆయన ఇరవై ఏళ్లవాడు, అదే పనిలో ఉన్నాడు. ఆ రోజుల అర్థంలో అక్షరాలా స్నాబ్. తోలు కుడుతూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. పనిచేసేచోట గోడమీద తన చేత్తో తయారుచేసిన ప్రపంచపటం పెట్టుకున్నాడు. 1793లో క్రైస్తవ మిషనరీగా బెంగాల్ వచ్చాడు, 1800లో శ్రీరాంపూర్ చేరాడు, మరుసటి ఏడాది కలకత్తాలోని ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ, సంస్కృతం చెప్పే పనిలో చేరాడు. 1814లో శ్రీరాంపూర్‌లో ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది, ‘తెలింగాన భాష’ అనే పేరుతో. ఇంగ్లిష్‌లో అచ్చయిన తొలి తెలుగు వ్యాకరణాల్లో అది ఒకటి. క్యాంప్‌బెల్ వ్యాకరణం మద్రాసులో వచ్చింది 1816లో, బ్రౌన్‌ది 1840లో.

ఈ మనిషిని ఇంగ్లండ్ పెద్దమనుషులు ఎలా చూశారు? 1809లో ఎడిన్‌బరో రివ్యూ అనే గొప్ప పత్రికలో సిడ్నీ స్మిత్ అనే రచయిత ఈ మిషనరీలను ‘పవిత్రీకరించిన చెప్పులు కుట్టేవాళ్ల గుంపు’ అని ఈసడించాడు. వాళ్ల మతప్రచారంతో ఎవరికైనా పేచీ ఉండొచ్చు. నాకూ కొన్ని పేచీలున్నాయి. కానీ ఆయన పట్టుకున్నది వాళ్ల వాదనను కాదు, వాళ్లు చేసిన పనిని. కేరీ జీవితచరిత్రల్లో ఇంకో సంగతి చెబుతారు. గవర్నర్ జనరల్ ఇంట విందులో ఒక సైనికాధికారి, కేరీకి వినపడేలా, ‘ఈయన ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడు కదా?’ అని అడిగాడట. కేరీ, ‘లేదండీ, పాతవి బాగుచేసేవాణ్ణి, అంతే’ అన్నాడట.

ఆ బల్ల దగ్గర 1781 నాటి అర్థంలో స్నాబ్ ఎవరో, 1911 నాటి అర్థంలో స్నాబ్ ఎవరో చూడండి. మాటకున్న రెండు కొసలూ ఒకే విందులో కూర్చున్నాయి.

అరుగు | రాత్రి 8:10

ఈ చర్చ పొద్దుటి నుంచి చదువుతున్నాను. కేరీ కథ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా తాత చెప్పులు కుట్టేవాడు. సంత రోజున చెట్టుకింద గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. పక్కన ఆరె, తోలు కోసే కత్తి, మైనం రాసిన దారం ఉండేవి. తెగిన ఉంగటం కుట్టేటప్పుడు ఆరెతో తోలుకు ఒక్క పోటు పొడిచి, దారం రెండు కొసల్నీ ఎదురెదురుగా అదే రంధ్రంలోంచి లాగేవాడు. ఒక కుట్టు తెగినా రెండోది పట్టి ఉంటుందని నాకు చూపించాడు. చెప్పు తిరిగి ఇచ్చేటప్పుడు కొందరు డబ్బులు చేతిలో పెట్టేవాళ్లు కాదు, పట్టామీదకు విసిరేవాళ్లు.

మీరంతా చెబుతున్న ఇంగ్లండ్ కథలో నన్ను పట్టి లాగింది ఒక్కటే. అక్కడ చెప్పులు కుట్టేవాడి పేరు తిట్టయింది, తర్వాత ఆ తిట్టు ఆ పనిని వదిలేసి, చివరికి ఈసడించేవాడి మెడకే చుట్టుకుంది. ఈ రోజు లండన్‌లో ఎవరినైనా స్నాబ్ అంటే చెప్పులు కుట్టేవాళ్లెవరికీ నొప్పి కలగదు. మన దగ్గర అలా జరగలేదు. మా కులం పేరును తిట్టుగా వాడటం ఇంకా ఆగలేదు. 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది, నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే నేరం. అయినా నోళ్లు ఊరుకోవు. అక్కడ అది పని పేరు కాబట్టి పని మారితే మనిషి బయటపడ్డాడు. కేరీ కలకత్తాలో పండితుడు అయ్యాడు. ఇక్కడ అది పుట్టుకతో వచ్చే పేరు. మా నాన్న టీచరయ్యాడు, నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇల్లు అద్దెకు అడిగితే ఇప్పటికీ ‘మీరేమిట్లు?’ అనే అడుగుతారు.

డోవర్ తీరం | రాత్రి 8:45

అరుగు గారూ, మీరు రాయకపోతే ఈ చర్చలో అసలు సంగతి రాకుండానే పోయేది. ధన్యవాదాలు.

గోదారి గట్టు | రాత్రి 9:20

అరుగు గారి మాట చదివాక మన సామెతలవైపు చూశాను. ‘అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట’. చిన్నప్పటి నుంచి అనుకోకుండా వాడేసే సామెత. గొడుగు అంటే ఇక్కడ వానకు పట్టేది కాదు, హోదాకు పట్టేది. గొడుగు పట్టించుకునే హక్కు ఎవరికి ఉండేదో, ఎవరికి ఉండేది కాదో తెలిసిందే. ఆ హక్కు లేనివాడు నాలుగు డబ్బులు రాగానే గొడుగు అడిగాడని నవ్వడం ఈ సామెత పని. పగలు తరతరాలుగా గొడుగు పట్టించుకున్నవాణ్ణి చూసి నవ్వే సామెత మనకేదీ?

ఇంగ్లిష్‌లో స్నాబ్ అనే మాట ఎదురు తిరిగింది. ఇది తిరగలేదు. ఎవరైనా బాగుపడి కారు కొనుక్కుంటే నేటికీ ఇదే సామెత వింటాం.

పాతనిఘంటువు | రాత్రి 10:05

‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత’ కొంతవరకు ఆ పని చేస్తుంది. అది చితికిపోయిన పెద్దింటివాడికీ తగులుతుంది. కానీ మీరన్నది నిజమే, లెక్క సరిపోదు.

అర్థం మారిన మాటలు మనకూ ఉన్నాయి. ‘ఆడంబరం’ తీసుకోండి. సంస్కృతంలో ఆడంబరం అంటే మొదట ఒక రకం డప్పు. యజుర్వేదానికి చెందిన వాజసనేయి సంహితలో, పురుషమేధం అనే యజ్ఞం గురించిన జాబితాలో రకరకాల వృత్తులవాళ్లతోపాటు ‘ఆడంబరాఘాతుడు’, అంటే ఆ డప్పు కొట్టేవాడు, కూడా కనిపిస్తాడు. డప్పు నుంచి దాని మోత, మోత నుంచి హంగామా, హంగామా నుంచి ఇవాళ్టి ఆర్భాటం. వేమన ‘అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను’ అన్నచోట ఆ పాత మోత ఇంకా వినిపిస్తుంది. ఎందుకంటే వెంటనే కంచు మోగినట్టు కనకం మోగుతుందా అని శబ్దం గురించే అడుగుతాడు.

మంజీర | ఆదివారం, ఉదయం 7:15

మా దిక్కు ఉర్దూ నుంచి వచ్చిన మాటలు రెండు చెప్త. ‘షోకు’. అరబ్బీల ‘షౌక్’ అంటే తపన, ఆరాటం. ఉర్దూలకు వచ్చేసరికి ఇష్టం, అభిరుచి. తెలుగుల షోకు అంటే సోకులు పడుడు, బట్టలు, అత్తరు. లోపలి ఆరాటం పోయి ఒంటిమీద ఉన్నదే మిగిలింది. ఇంకోటి ‘దర్జా’. అరబ్బీల ‘దరజా’ అంటే మెట్టు. ఉర్దూల తరగతి, స్థాయి. మనకాడ దర్జాగ కూసున్నడు అంటే కాలుమీద కాలేసుకుని ధీమాగ కూసున్నడని.

మెట్టు అనే మాటే కాలుమీద కాలు వేసుకునుడు అయింది చూడున్రి.

సెలవురోజు చదువరి | ఉదయం 8:00

‘దర్జీ’ కూడా దర్జా నుంచే వచ్చిందా? బట్టలు, హోదా అని.

పాతనిఘంటువు | ఉదయం 8:20

కాదండీ. దర్జీ పారశీకం. ‘దర్జ్’ అంటే కుట్టు. దర్జా అరబ్బీ నుంచి వచ్చింది. విడి విడి మాటలు, తెలుగులో కలిసినట్టు వినిపిస్తాయి అంతే.

ఇంటర్ ఇంగ్లిష్ | ఉదయం 9:30

ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా అరుగు గారికి. ఒక ప్రశ్న మిగిలింది. ఇప్పుడు ‘కాఫీ స్నాబ్’, ‘వైన్ స్నాబ్’ అని తమను తామే చెప్పుకుంటున్నారు కదా. మాట మళ్లీ మారుతున్నట్టేనా?

డోవర్ తీరం | ఉదయం 10:40

కొంచెం మెత్తబడుతోంది అనొచ్చు. ఇక్కడ ఎవరైనా ‘నేను కాఫీ స్నాబ్‌ని’ అంటే నాసిరకం కాఫీ తాగను, రుచి తెలిసినవాణ్ణి అని అర్థం. ఎదుటివాళ్లను కించపరుస్తున్నాను అనే ఒప్పుకోలు అందులో ఉండదు. కానీ అదే మాట ఇంకొకరు మనల్ని అంటే దెబ్బ మామూలుగానే తగులుతుంది. చదువు, ఉచ్చారణ, ఉండే పేట విషయంలో మాత్రం మాట ఏమాత్రం మెత్తబడలేదు. ఇక్కడి రాజకీయాల్లో ఒకరినొకరు గట్టిగా తిట్టుకోవాలంటే ఇప్పటికీ ఇదే తీస్తారు. దీనికి ఎదురు రకం కూడా ఉంది, ‘ఇన్వర్టెడ్ స్నాబ్’. పెద్దింట్లో పుట్టావు కాబట్టి నీకేం తెలియదు అని కొట్టిపారేసేవాడు.

రోన్ ఒడ్డు | ఉదయం 11:25

నేను ఫ్రాన్స్‌లో ఉంటాను, ఆలస్యంగా చేరాను. ఫ్రెంచివాళ్లు ఈ మాటను పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్ నుంచే తీసుకున్నారు. ఇక్కడ థాకరే నాటి అర్థం ఇంకా బాగానే బతికి ఉంది. ఫలానా రెస్టారెంటు ‘స్నాబ్’ అంటే ఫ్యాషన్ కోసం ఎగబడేవాళ్లు వెళ్లే చోటు అని. ఫలానా ఆయన స్నాబ్ అంటే గొప్పవాళ్ల గుంపులో కనబడాలని తాపత్రయపడేవాడని. అదే మాటను క్రియ చేసి ‘స్నోబే’ అంటే అర్థం వేరు: తెలిసినవాణ్ణి చూసి కూడా చూడనట్టు వెళ్లిపోవడం. మంజీర గారు అడిగిన రెండు చూపుల్లో పైకి చూసేది నామవాచకంలో, కిందికి చూసేది క్రియలో ఉండిపోయాయి.

మంజీర | ఉదయం 11:50

ఇది బాగుంది. ఇంటర్ ఇంగ్లిష్ గారూ, వాట్సాప్ కథ చెప్పిన ఆ అమ్మాయికి కేరీ సంగతి కూడా చెప్పున్రి. తెలుగు వ్యాకరణం రాసినాయన అని చెప్తే క్లాసు మొత్తం వింటది.